అసంగశస్త్రమూ ఇనుపగొలుసూ

తెలుగులో 'మొదలు' అనే మాట ఆరంభాన్నీ చెబుతుంది, చెట్టు అడుగునూ చెబుతుంది. మొదలంటా నరకడం, మొదటికే మోసం రావడం వంటి జాతీయాల్లో ఈ రెండు అర్థాలనూ విడదీయడం కష్టం. చెట్టును కొట్టివేశాక నేలను కరచుకొని మిగిలేదాన్ని మొద్దు అనీ, ఆకూ కొమ్మా పోయి నిలువునా ఎండినదాన్ని మోడు అనీ వ్యవహరిస్తారు. సంస్కృతంలో ఈ రెండింటికీ స్థాణువు అన్న ఒక్క మాట సరిపోతుంది. కదలక నిలిచి ఉండేది అని దాని అర్థం. నాగలికి అడ్డుతగిలే ఈ వస్తువు మీద భారతీయ దర్శనాలు చూపిన ఆసక్తి తక్కువది కాదు. మసక వెలుతురులో దూరాన కనిపించేది మోడా, మనిషా అన్న సందేహం న్యాయశాస్త్రంలో సంశయానికి, అంటే ఒకే వస్తువు మీద పరస్పరం పొసగని రెండు తలపులు ఊగిసలాడే స్థితికి, స్థిరపడిన ఉదాహరణ. వేదాన్ని వల్లించి అర్థం తెలుసుకోనివాణ్ణి యాస్కుడి నిరుక్తం బరువు మోసే స్థాణువుతో పోలుస్తుంది. భగవద్గీత రెండో అధ్యాయం అదే మాటను ఆత్మకు విశేషణంగా వాడుతుంది. పురాణాల్లో అది శివుడి పేరు. ఇంత గౌరవం దక్కిన వస్తువునే మరోవైపు ఉపనిషత్తులూ బౌద్ధ సూత్రాలూ వేళ్ళతో సహా పెరికివేయవలసిన దానికి గుర్తుగా నిలబెట్టాయి. పెరకవలసిన మొదలు ఏది, నిలువనివ్వవలసిన మొదలు ఏది, పెరకడానికి కావలసింది బలమేనా అన్న ప్రశ్నలు ఇక్కడే పుడతాయి. ప్రాచీనులు ఈ ఉపమానాన్ని పొలం పని నుంచే తీసుకున్నారు కనుక, దాన్ని తిరిగి పొలంలోకి తీసుకుపోయి, నేడు ట్రాక్టరుకు గొలుసు కట్టి మొద్దులు లాగే చోట నిలబెట్టి పరీక్షించడం అనుచితం కాదు.

మొద్దు లాగవలసిన అవసరం అన్ని చెట్లకూ ఒకేలా ఉండదు. రాయలసీమ, ప్రకాశం, నెల్లూరు ప్రాంతాల రైతులు సర్కారు తుమ్మ అనీ, సీమతుమ్మ అనీ, కొన్ని తావుల్లో చిల్లచెట్టు అనీ పిలిచే ముళ్ళ చెట్టు ఈ విషయంలో అందరికన్నా మొండిది. అమెరికా ఖండపు ఈ చెట్టును వంటచెరకు కోసం అటవీశాఖ 1870ల చివర కడప జిల్లా కమలాపురంలో నాటించింది. దేశంలో దాని తొలి నాట్లలో ఇది ఒకటి. ఇవాళ చెరువు కట్టలూ బీళ్ళూ దాని పాలయ్యాయి. దీన్ని గొడ్డలితో కొట్టినా, రంపంతో కోసినా, కోసిన చోట పైకి నిప్పంటించినా తొలకరి నాటికి మొద్దు చుట్టూ గుంపుగా పిలకలు లేస్తాయి. కారణం సులభమే: నేలమట్టానికి కింద, జానెడో మూరెడో లోతు వరకు, కాండం వేరుగా మారే కుదురులో నిద్రపోయే మొగ్గలు ఉంటాయి. పైన చెట్టు ఉన్నంతకాలం అవి మేలుకోవు. చెట్టు పోయిన వార్త వాటికి చేరగానే, వేళ్ళలో దాచిన ఆహారాన్ని తీసుకొని పైకి వస్తాయి. ఒక్క కాండం ఉన్న చోట పది కాండాలు లేచి, నరికినవాడు చెట్టును పెంచినవాడవుతాడు. కాగితం కోసం పెంచే జామాయిల్ తోటల్లో రైతులు ఈ గుణాన్నే లాభంగా మలచుకుంటారు. ఒకసారి నాటి, రెండు మూడు సార్లు పిలకల మీద కోత తీసుకొని, మొద్దులు అలసిపోయాక మాత్రమే వాటిని తవ్వించి వేరే పంటకు పోతారు.

బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయం చివర, జనకుడి సభలో యాజ్ఞవల్క్యుడు బ్రాహ్మణులను అడిగిన ప్రశ్న సరిగ్గా ఈ పిలక గురించినది. మనిషిని చెట్టుతో అవయవం అవయవంగా పోల్చి, వెంట్రుకలు ఆకులనీ, చర్మం బెరడనీ, నెత్తురు జిగురనీ, ఎముకలు లోపలి చేవ అనీ చెప్పాక, ఆయన ఒక చిక్కుముడి వేస్తాడు. నరికిన చెట్టు వేరు నుంచి మళ్ళీ కొత్తగా లేస్తుంది సరే. మృత్యువు నరికిన మనిషి ఏ వేరు నుంచి లేస్తాడు? రేతస్సు నుంచి అని చెప్పడానికి వీల్లేదు, అది బతికున్నవాడి నుంచే వస్తుంది. చెట్టునైనా వేళ్ళతో సహా పెరికివేస్తే మళ్ళీ లేవదు. సభలోని వారు సమాధానం చెప్పలేకపోయారు. ఉపనిషత్తు చివరకు విజ్ఞానమూ ఆనందమూ అయిన బ్రహ్మాన్ని చూపి ప్రకరణాన్ని ముగిస్తుంది. ఈ ప్రశ్నలో రెండు కొసలు ఉన్నాయని గమనించాలి. మళ్ళీ లేవడం ఇక్కడ ఒక వరంలా వినిపిస్తుంది, ఎందుకంటే వేరు ఉన్నది గనుకనే చావు తుది కాదు. అదే సమయంలో, సమూలంగా పెరకడం అనే అవకాశం తలెత్తగానే, పునర్జన్మను బంధంగా చూసే తర్వాతి ఆలోచనలకు తలుపు తెరుచుకుంటుంది. సర్కారు తుమ్మను కొట్టి అలసిపోయిన రైతుకూ జామాయిల్ రైతుకూ మధ్య ఉన్న తేడా ఈ రెండు కొసల మధ్య తేడాయే.

ఇక పని ఎలా జరుగుతుందో చూడాలి. వేసవిలో రాయిలా బిగిసిన ఎర్రనేలలో మొద్దు లాగడం వృథా ప్రయాస; ఒక మంచి వాన పడి నేల మెత్తబడ్డాక, లేదా ముందు రోజు కుదుటి చుట్టూ పాదు చేసి నీరు పెట్టాక పని మొదలవుతుంది. నల్లరేగడిలో లెక్క తిరగబడుతుంది, తడి ఎక్కువైతే వేరు వదులయ్యే లోపే ట్రాక్టరు చక్రాలు దిగబడతాయి. మొద్దు చుట్టూ గడ్డపారతో, పారతో గాడి తీసి, బయటపడిన పక్కవేర్లను గొడ్డలితో తెగగొడతారు. తెలిసినవారు చెట్టును నేలమట్టానికి కోయరు, నడుమెత్తు ఉంచుతారు, ఎందుకంటే పొట్టి మొద్దుకు గొలుసు పట్టు దొరకదు, ఎత్తయిన మొద్దు తానే మీటగా పనిచేసి తన వేళ్ళను తాను లేపుకుంటుంది. కొందరు మొద్దుకు ముందు పాత చక్రపు రిమ్మునో పొట్టి దుంగనో నిలబెట్టి గొలుసును దాని మీదుగా పోనిస్తారు. అప్పుడు ట్రాక్టరు అడ్డంగా లాగినా గొలుసు మొద్దును పైకి ఎత్తుతుంది. గొలుసు రెండో కొసను ట్రాక్టరు వెనుక కింది భాగంలో ఉండే డ్రాబార్‌కే తగిలించాలి. చిన్న గేరులో, క్లచ్చిని మెల్లగా వదులుతూ, గొలుసులో వదులు పోయి బిగుసుకున్నాకే బలం పెంచాలి.

ఈ చివరి నియమాలు తప్పితే ఏమవుతుందన్నది తత్త్వ విచారణకు కూడా అవసరమైన విషయం. గొలుసును వెనుక ఇరుసు కన్నా ఎత్తులో, పైనున్న లింకుకో సీటు వెనుక కమ్మీకో కట్టి లాగితే, మొద్దు కదలనప్పుడు వెనుక చక్రాలు కూడా తిరగలేవు. ఇంజను బలం ఎక్కడికో ఒకచోటికి పోవాలి గనుక అది ఇరుసు చుట్టూ ట్రాక్టరు దేహాన్నే తిప్పుతుంది. ముందు చక్రాలు నేల విడుస్తాయి. డ్రైవరు సంగతి గ్రహించి క్లచ్చి తొక్కే లోపే, రెప్పపాటు వ్యవధిలో, బండి వెనక్కి తిరగబడి అతడి మీద పడుతుంది. గొలుసు వదులుగా ఉంచి ఉరికించి గుంజితే లంకె తెగి లేదా కొక్కెం ఊడి ఎగిరివచ్చి తగులుతుంది. మొద్దు మీద ప్రయోగించిన బలం మొద్దు ఒప్పుకోకపోతే ప్రయోగించినవాడి మీదికే తిరుగుతుందన్న మాట. గొలుసు కట్టిన క్షణం నుంచి ట్రాక్టరు కూడా ఆ మొద్దుకు కట్టుబడినదే. నేలను వేళ్ళతో పట్టుకొన్న మొద్దుకూ, నేలను టైర్లతో పట్టుకొన్న బండికీ మధ్య సాగేది రెండు పట్టుల పోటీ. ఈ పోటీలో చెక్క విరగడం ఎవరికీ లాభం కాదు, విరిగితే కుదురు నేలలోనే మిగిలిపోతుంది. కావలసింది వేరుకూ మన్నుకూ ఉన్న పట్టు సడలడం. ఆ పట్టుకే దర్శనాలు పెట్టిన పేరు సంగం.

సంగం అనగానే ఆసక్తి, మమకారం అనే అర్థాలు తోస్తాయి గాని, ఆ ధాతువుకు మొదటి అర్థం తగులుకోవడం, చిక్కుకోవడం. దీన్ని చూపే చక్కని తావు ఒకటి కృష్ణయజుర్వేదంలో, ఆంధ్ర దేశపు వైదిక కుటుంబాల్లో అధిక భాగం అధ్యయనం చేసే తైత్తిరీయ శాఖలోనే ఉంది. సోమయాగానికి యూపం, అంటే పశువును కట్టే స్తంభం, కావాలి. దానికోసం అడవిలో చెట్టు కొట్టే విధిని తైత్తిరీయ సంహిత ఆరో కాండం వివరిస్తూ, మిగిలే మొద్దు బండి ఇరుసుకు తగులుకోనంత కిందికి నరకాలని చెబుతుంది. ఆ తగులుకోవడానికి అది వాడిన మాట అక్షసంగం. అక్షం అంటే ఇరుసు. గీత పదిహేనో అధ్యాయంలో సంసారవృక్షాన్ని కొట్టవలసిన ఆయుధానికి అసంగశస్త్రం అని పేరు పెట్టినప్పుడు, ఆ సమాసంలోని సంగం ఈ ఇరుసు తగులుకునే సంగానికి దూరపు చుట్టం కాదు, సొంత తోబుట్టువు. అసంగం అంటే లోకం మీద విముఖతో ఏవగింపో కాదు, దారిన పోయే బండికి మొద్దు తగలకపోవడం.

అదే విధిలో మరి రెండు వివరాలున్నాయి. గొడ్డలి వేటు పడే చోట ముందుగా ఒక దర్భను అడ్డుపెట్టి, కాపాడమని ఆ ఓషధినీ, హింసించవద్దని గొడ్డలినీ ప్రార్థిస్తారు. చెట్టు కూలాక నరికిన మొద్దు మీద నేతితో హోమం చేసి, అది నూరు పిలకలతో లేవాలనీ, తాము వేయి పిలకలతో పెరగాలనీ కోరుతారు. మొద్దుల నుంచి చెట్లు గుంపుగా లేవడానికి ఈ హోమమే కారణమని బ్రాహ్మణ భాగం వ్యాఖ్యానిస్తుంది. ఈ చిన్న కర్మలో ఉన్న నిజాయితీ గమనించదగినది. చంపిన తప్పును లేనట్టు నటించకుండా, చంపినదాని వేరుకే సంతర్పణ చేసి, మళ్ళీ లేవమని అడగడం అది. యాగకర్తకు మొద్దు శత్రువు కాదు. తన బండికి అడ్డురాకుండా, తన వల్ల అంతం కాకుండా అది అక్కడే ఉండాలి. ట్రాక్టరు వాడు మొద్దును ఎత్తుగా ఉంచేది పట్టు కోసం, యాగకర్త పొట్టిగా నరికేది పట్టు లేకుండా చేయడం కోసం. ఒకరు పెరికివేయబోతున్నారు, మరొకరు తిరిగి లేవనివ్వబోతున్నారు.

పెరికివేతకు మరో ధర్మశాస్త్ర పార్శ్వం కూడా ఉంది. బీజం గొప్పదా క్షేత్రం గొప్పదా అన్న చర్చలో, మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం, స్థాణువులను ఛేదించి బాగుచేసినవాడిదే పొలమని పూర్వుల మాటగా చెబుతుంది. బాణం మొదట తగిలించినవాడిదే లేడి అన్నది దాని జంట ఉదాహరణ. స్వామిత్వం మొద్దు తీయడంతో మొదలవుతుందని దీని అర్థం. దీనికి ఎదురు నిదర్శనం తూర్పు కనుమల్లో కొండరెడ్లూ సవరలూ చేసిన పోడు సేద్యం. పోడులో చెట్లు కొడతారు, కాలుస్తారు, బూడిదలో విత్తుతారు, కాని మొద్దులు పెరకరు. రెండు మూడు పంటల తర్వాత నేలను విడిచిపెట్టగానే ఆ మొద్దులే మళ్ళీ అడవిని నిలబెడతాయి. మొద్దు ఉన్నంతవరకు ఆ నేల మీద అడవి హక్కు చెల్లిపోదు, సాగు చేసినవాడిది తాత్కాలిక హక్కు మాత్రమే. మొద్దు పెరికినవాడు తిరిగి ఇవ్వనని ప్రకటిస్తున్నాడు. అపునర్భవం, అంటే మళ్ళీ పుట్టకపోవడం, ఏ తత్త్వంలోనైనా ఇంత గట్టి ప్రకటనే. మొద్దును కదిలించేముందు అది ఎవరి తరఫున చేస్తున్న ప్రకటన అని అడగడం న్యాయం. జైన శ్రావకులకు, అంటే గృహస్థులకు, నిషిద్ధమైన 15 వృత్తుల్లో అడవి కొట్టే వనకర్మ, నేల పగలగొట్టే స్ఫోటకర్మ రెండూ ఉండటం ఈ అడగడానికే కఠినమైన రూపం.

గీత పదిహేనో అధ్యాయపు చెట్టు పైకి వేళ్ళు, కిందికి కొమ్మలు గల అశ్వత్థం, అంటే రావి. వేళ్ళు పైన ఉన్నాయంటే సంసారానికి మూలం బ్రహ్మమని వ్యాఖ్యాతల మాట. అక్కడే చిక్కు వస్తుంది: మూలం బ్రహ్మమే అయితే పెరకవలసింది దేన్ని? రెండో శ్లోకం దీన్ని ముందే ఊహించినట్టు, మనుష్యలోకంలో కర్మను అనుసరించి కిందికి పాకిన వేళ్ళు వేరే ఉన్నాయంటుంది. పైవేరు ఒకటి, కింద నేలను పట్టుకొన్నవి అనేకం. ఊడలు దించేది మర్రి గాని రావి కాదని వృక్షశాస్త్రం తెలిసినవారు ఆక్షేపించవచ్చు. దానికి సమాధానంగా ఈ చెట్టు ఏ తోటలోనూ లేదనడమే మేలు. మూడో శ్లోకంలో వేళ్ళు బాగా నాటుకున్న ఆ చెట్టును దృఢమైన అసంగశస్త్రంతో ఛేదించాలని మూలం అంటే, శంకరుల భాష్యం ఒక అడుగు ముందుకు వేసి, బీజంతో సహా పెరికి అని జోడిస్తుంది. నరకడం, పెరకడం అనే రెండు క్రియల మధ్య తేడా భాష్యకారుడికి తెలుసు. ఉపనిషత్తును క్షుణ్ణంగా వ్యాఖ్యానించినవాడికి యాజ్ఞవల్క్యుడి పిలక ప్రశ్న గుర్తు రాకుండా ఉండదు. అసంగం అంటే కొడుకుల మీదా, ధనం మీదా, లోకాల మీదా ఉన్న కోరికల నుంచి లేచి నిలవడమని చెప్పి, ఆ శస్త్రాన్ని వివేకాభ్యాసమనే సానరాయి మీద మళ్ళీ మళ్ళీ పదును పెట్టాలని ఆయన వివరిస్తారు. పొలంలో దీనికి సమానమైనది గొలుసు కాదు, గొలుసుకు ముందు జరిగే గాడి పని, పక్కవేర్లను ఒకటొకటిగా వెతికి తెగగొట్టడం.

బలం ఒంటరిగా ఎందుకు చాలదో అదే గీత ఇంకో రెండు చోట్ల సూచిస్తుంది. ఆహారం మానినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి గాని రసం, అంటే వాటి మీది రుచి, మిగిలే ఉంటుందని రెండో అధ్యాయం చెబుతుంది. రసం అన్న మాటకు చెట్టు సారం అన్న అర్థమూ ఉంది కదా. కొట్టిన మొద్దులో మిగిలేది కూడా ఆ రసమే, పిలకలకు పాలు ఇచ్చేదీ అదే. కర్మేంద్రియాలను బిగబట్టి మనసులో విషయాలను తలచుకునేవాణ్ణి మూడో అధ్యాయం మిథ్యాచారుడంటుంది. గొలుసును ఎత్తులో కట్టి గుంజిన ట్రాక్టరు స్థితి ఈ సాధకుడిది. కదలనిదాన్ని కదిలించబోయి తన ముందుచక్రాలను గాలిలోకి లేపుకుంటాడు. సన్న్యాసుల పతనం గురించి లోకం చెప్పుకునే కథల్లో చాలా వాటికి మూలం కోరిక బలం కాదు, కట్టిన చోటు తప్పు.

ఈ విషయంలో పాలి సూత్రాలు రైతుకు అందరికన్నా దగ్గరగా మాట్లాడతాయి. సంయుత్తనికాయం నిదాన భాగంలోని మహావృక్ష సూత్రం, పట్టుకోదగిన వస్తువుల్లో రుచి చూస్తూ ఉండేవాడి తృష్ణ, కిందికీ పక్కలకూ పాకిన వేళ్ళతో సారాన్ని పైకి లాగే పెద్ద చెట్టులా పెరుగుతుందని మొదట చెబుతుంది. తరువాత ఒక మనిషి పారా గంపా పట్టుకొని వస్తాడు. మొదట మొదలు నరుకుతాడు, చుట్టూ తవ్వుతాడు, వట్టివేరు పీచంత సన్నని వాటిని కూడా వదలకుండా వేళ్ళు లాగుతాడు. చెట్టును ముక్కలు చేసి, చీల్చి, గాలికీ ఎండకూ ఆరబెట్టి, కాల్చి, బూడిదను గాలిలో తూర్పారబట్టడమో ఏటిలో కలపడమో చేస్తాడు. ఇంత పొడవైన వర్ణనలో బలానికి ఇచ్చిన చోటు ఎంత కొద్దిదో చూడాలి: లాగడం ఒక్క మాట, మిగిలినదంతా ముందు తవ్వడం, తరువాత ఆరబెట్టడం. పట్టుకోవడానికి అక్కడ వాడిన ఉపాదానమనే మాటకు నిప్పుకు అందే కట్టె అన్న అర్థం కూడా ఉండటం వల్ల, ఆ మనిషి చివరకు దాన్నే కాల్చడం ఉపమానంలో సహజంగా అమరింది.

అర్హతుడి, అంటే ముక్తుడైనవాడి, స్థితిని చెప్పడానికి అవే సూత్రాలు తరచు వాడే మరో మాట, అతడి తృష్ణ వేళ్ళు తెగి తాటి మొద్దులా చేయబడిందని. తాటిచెట్టుతో బతికిన తెలుగువారికి దీన్ని వివరించనక్కరలేదు. తాటికి పెరిగే మొగ్గ తలలో ఒక్కటే. ఆ తల తెగితే పక్క నుంచి పిలక రాదు, మొదటి నుంచి చిగురు రాదు. దాని మొద్దును లాగకపోయినా అది తిరిగి లేవదు, అక్కడే నిలిచి, పీచుగా మారి, కాలక్రమంలో పుచ్చిపోతుంది. సర్కారు తుమ్మ మొద్దుకూ తాటి మొద్దుకూ పైకి పెద్ద తేడా కనిపించదు, రెండూ నేలలో నిలిచిన చెక్కలే. ఒకదానిలో మొగ్గలు నిద్రపోతున్నాయి, రెండోదానిలో నిద్రపోవడానికి మొగ్గే లేదు. పతంజలి క్లేశాలను, అంటే అవిద్య మొదలైన చిత్తబాధలను, ప్రసుప్తం, తనువు, విచ్ఛిన్నం, ఉదారం అని విభజించినప్పుడు మొదటి అవస్థ ఆ నిద్రమొగ్గలదే. వ్యాసభాష్యం దీనికి ఎదురుగా వేయించిన విత్తును చూపుతుంది. అది విత్తులాగే కనిపిస్తుంది గాని మొలవదు. మూలం ఉన్నంతవరకే జన్మ, ఆయువు, భోగం అనే ఫలాలు పండుతాయని సూత్రం. క్రియాయోగానికి ఆయన చెప్పిన ప్రయోజనం క్లేశాలను పెరకడం కాదు, తనూకరణం, అంటే సన్నబరచడం. గాడి తీసి వేళ్ళు సన్నబరిచాక మిగిలిన తల్లివేరుకే గొలుసు అవసరమవుతుందని ఏ డ్రైవరైనా చెప్పగలడు.

నాగార్జునకొండతో పేరు ముడిపడిన నాగార్జునుడు ఈ చర్చలో మరో మెలిక వేస్తాడు. మూలమధ్యమకకారిక ఇరవై ఆరో అధ్యాయంలో సంసారానికి మూలం సంస్కారాలనీ, అజ్ఞాని వాటిని చేస్తూ పోతాడనీ, తత్త్వం చూసినవాడు చేయడనీ ఆయన అంటాడు. చేయడం ఆగితే మూలం లేదు. మూలమన్నది ముందుగా నేలలో ఉన్న వస్తువు కాదు, ఎప్పటికప్పుడు జరుగుతున్న నాటడం. ఈ దృష్టిలో గొలుసు కట్టడానికి మొద్దే దొరకదు. తర్కంగా ఇది సొగసైనదే. అయినా అదే నాగార్జునుడి సంప్రదాయం భిక్షువులకు ఏళ్ళ తరబడి అభ్యాసం విధించింది గనుక, సర్కారు తుమ్మ కుదురు లేదనడం వల్ల పిలక ఆగదన్న సంగతి ఆ వైపు వారికీ తెలుసుననుకోవాలి.

పెరకకుండా నిలువనివ్వవలసిన మొదలు సంగతి మిగిలింది. సృష్టి చేయమని బ్రహ్మ కోరినప్పుడు, రుద్రుడు తనవంటి చావులేని వారిని సృష్టించాడనీ, చచ్చేవారిని సృష్టించమంటే ఒప్పుకోక సృష్టి మాని నిశ్చలంగా నిలిచిపోయాడనీ, అందుకే స్థాణువనే పేరు వచ్చిందనీ వాయు, లింగ పురాణాల్లో కథ ఉంది. చావుకు మేత కావడానికి చిగురించనన్న నిరాకరణ అది. ఈ దేవుణ్ణి మోడు అని పిలవడానికి భక్తులు వెనుకాడలేదు, హర్యానాలోని థానేసర్ ఊరి పేరులో ఆ స్థాణ్వీశ్వరుడే ఉన్నాడు. గీత ఆత్మను స్థాణువన్నది కూడా ఈ అర్థంలోనే: కదలదు, మొలవదు, తగులుకోదు. చిగురించే శక్తి ఉండి నిలిచిన మొద్దు పొలానికి బెడద, ఆ శక్తి అడుగంటి నిలిచినది గుడికి మూలవిరాట్టు. రెండింటికీ సంస్కృతం ఒకే పేరు పెట్టడం పొరపాటు కాదనిపిస్తుంది, ఎందుకంటే మసకవెలుతురులో చూసేవాడికి ఏది ఏదో తెలియదన్న న్యాయశాస్త్రపు ఉదాహరణ అంత దూరం వర్తిస్తుంది.

గుడి అనగానే లాగడం ఏ మాత్రం పనికిరాని ఒక సందర్భం గుర్తు రాక తప్పదు. పిట్టలు వేసిన విత్తు వల్ల గోపురాల సందుల్లో, పాత ప్రాకారాల్లో రావి మొలుస్తుంది. చిన్నప్పుడు చేత్తో తీసేయవచ్చు. పూజ్య వృక్షమన్న జంకు వల్ల ఎవరూ తీయరు. నాలుగైదేళ్ళకు వేరు సున్నపు అతుకుల వెంట పాకి, రాతికీ రాతికీ మధ్య దూరి, గోడను పగలగొట్టేదీ అదే, పగిలిన గోడను పట్టి నిలిపేదీ అదే అవుతుంది. అప్పుడు గుంజితే వేరుతో పాటు గోడా వస్తుంది. శిథిలాలను బాగుచేసేవారు ముందుగా పైభాగం కోసి, వేరును మందుతో మెల్లగా చంపి, అది ఎండి వదులయ్యాక తీసి, ఖాళీలను సున్నంతో నింపుకుంటూ పోతారు, వేరు లోతుకు పోయి ఉంటే రాళ్ళకు నంబర్లు వేసి గోడనే విప్పి మళ్ళీ కడతారు. మంచీ చెడూ ఒకదానిలోకి ఒకటి పెరిగిపోయిన చిత్తాలకు, కుటుంబాలకు, ఆచారాలకు సంస్కర్తలు గొలుసు కట్టినప్పుడల్లా ఎంత గోడ కూలిందో చరిత్రకారులు లెక్క వేయాలి.

పొలంలో మొద్దు బయటపడ్డాక పని ముగియదు. మట్టి దులిపి తలకిందులుగా పడేసిన కుదురు, వేళ్ళు పైకి పెట్టుకొని, గీత చెప్పిన చెట్టులాగే కొన్నాళ్ళు గట్టు మీద ఎండుతుంది. అది విడిచిన గోతిలో తెగి మిగిలిన వేరు ముక్కలు చూపుడువేలంత లావున గోడల నుంచి పొడుచుకొని ఉంటాయి. వాటిని ఏరి, గోతిని మట్టితో నింపి తొక్కకపోతే నీరు నిలిచి, మొదటి దుక్కికి ట్రాక్టరు చక్రమే అందులో దిగుతుంది. నింపిన మట్టి కుంగుతుంది గనుక మళ్ళీ ఒకసారి పోయాలి. తొలకరి పడి పది పదిహేను రోజులయ్యాక, కొత్త గడ్డిలో కలిసిపోయిన లేత తుమ్మ పిలకలు ముళ్ళు గట్టిపడకముందే కనిపిస్తాయి. ఆ వారంలో రైతు గడ్డపార భుజాన వేసుకొని, పూడ్చిన ప్రతి గోతి దగ్గరా ఆగి వంగి చూసుకుంటూ, పొలం మొత్తం ఒక చుట్టు తిరుగుతాడు.